అస్గరీ ఎవరు తీర్చిన కోడలు?
‘మిరాతుల్ ఉరూస్’పై ఒక పరిశీలన

ఉర్దూ ఇంటిభాషగా గల కుటుంబాలలో అక్బరీ, అస్గరీ అనే రెండు పేర్లు చాలా కాలం ఒకటి తిట్టుగాను, మరొకటి దీవెనగాను వాడుకలో ఉన్నాయి. కోడలు పెంకిదైతే అక్బరీ, పనిమంతురాలైతే అస్గరీ. ఈ పేర్లు పలికిన అత్తగార్లందరూ ఆ పుస్తకం చదివినవారు కారు. చదవనివారి నోట కూడా ఆ పుస్తకమే మాట్లాడింది. డిప్టీ నజీర్ అహ్మద్ రచించిన ‘మిరాతుల్ ఉరూస్’ (పెళ్ళికూతురి అద్దం) 1869లో వెలువడింది. ఉర్దూలో తొలి నవల ఇదేనని సాహిత్య చరిత్రకారులు చాలామంది అంటారు. 2012లో పాకిస్తాన్‌లో ఇదే పేరుతో టెలివిజన్ ధారావాహిక కూడా వచ్చింది. ఒకటిన్నర శతాబ్దం దాటినా అద్దం ఇంకా గోడమీదనే ఉన్నదన్నమాట.

ఈ పుస్తకాన్ని ఉర్దూ వచనానికి పెట్టిన నగగా మెచ్చుకున్నవారున్నారు, పాత్రలలో జీవం లేని నీతిపాఠమని తోసిపుచ్చినవారున్నారు. మా పరిశీలన వేరు. అస్గరీ అనే ఈ ఆదర్శ కోడలిని నేడు మన ఇళ్లలోను, మన తెలుగు ఇస్లామీయ ప్రచురణలలోను ‘ఇస్లాం కోరే స్త్రీ’గా చూపిస్తున్నారు. ఆమెను నిజంగా ఎవరు కోరారు, ఎందుకు కోరారు అన్నది తేల్చుకోవలసి ఉంది. ఆడపిల్లలకు ఏది ధర్మమని చెబుతున్నామో, ఏది ఆచారమని చెబుతున్నామో తెలియకుండా చెప్పడం చిన్న విషయం కాదు. ధర్మమని చెప్పినదానిని కాదంటే ఆ పిల్ల పాపభీతితో కుంగిపోతుంది. ఆచారమని చెబితే కనీసం వాదిస్తుంది.

కథ తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాము. ఢిల్లీలో అక్కచెల్లెళ్లు ఇద్దరు. అన్నదమ్ములైన ముహమ్మద్ ఆఖిల్, ముహమ్మద్ కామిల్‌లకు ఇచ్చి పెళ్లి చేస్తారు. పెద్దది అక్బరీ. అమ్మమ్మ గారాబంలో పెరిగి చదువూ పనీ రెండూ అంటని పిల్ల. అత్తవారింట్లో ఇమడలేక వేరు కాపురం పెట్టిస్తుంది. హజ్జు చేసి వచ్చినదానినని చెప్పుకుంటూ ఇల్లిల్లూ తిరిగే ఒక మాయలాడి చేతిలో నగలన్నీ పోగొట్టుకుంటుంది. చిన్నది అస్గరీ. చదవను, రాయను, లెక్క కట్టను వచ్చినది. అత్తవారింట ఏళ్ల తరబడి దోచుకుంటున్న వంటమనిషి మామా అజ్మత్ గుట్టు బయటపెడుతుంది, అప్పులు తీర్పిస్తుంది, భర్తను ఉద్యోగానికి పురికొల్పుతుంది, ఆడబిడ్డ మహమూదాకు చదువు చెబుతుంది, ఇంట్లోనే ఆడపిల్లల బడి నడుపుతుంది, చివరకు మహమూదాకు గొప్పింటి సంబంధం కుదురుస్తుంది. అందరూ ఆమెను ‘తమీజ్‌దార్ బహూ’ అంటారు. ఇదీ కథ.

ఇందులో మొదట గమనించవలసినది, తరచుగా గమనించనిది ఒకటున్నది. అక్బరీ పుట్టుకతో చెడ్డది అని రచయిత ఎక్కడా అనడు. ఆమె అలా కావడానికి కారణం పెంపకమని ముందే చెబుతాడు. ఒకే తల్లి, ఒకే తండ్రి, ఒకే ఇల్లు. ఒక పిల్లను అమ్మమ్మ చేతిలో పెట్టారు, మరొక పిల్లకు పుస్తకం చేతికిచ్చారు. ఈ రెండు చేతులే ఇద్దరు స్త్రీలను తయారు చేశాయి. ‘స్త్రీ స్వభావం’, ‘స్త్రీ ఫిత్రత్’ అంటూ నేడు ఉపన్యాసాలిచ్చేవారు ప్రమాణంగా చూపే పుస్తకమే స్త్రీని పెంపకం తయారుచేస్తుందని పేజీ పేజీనా చెబుతున్నది. అచ్చమైన స్వభావమే అయితే దానికి అద్దమెందుకు, బడి ఎందుకు, పుస్తకమెందుకు?

మామా అజ్మత్ ఘట్టం నవల మొత్తానికీ గుండెకాయ వంటిది. అంగడివాళ్ల వద్ద ఇంటివారి పేరున అరువు తెచ్చి, డబ్బు తన చేతిలో వేసుకుని, నోటిమాటతో లెక్క చెప్పే పాతకాపు ఆ ముసలిది. ఇంట్లో చదువు వచ్చిన ఆడది లేనంత కాలం ఆమె మాటే లెక్క. ఇంటి పెద్ద లాహోరులో కొలువు చేస్తున్నాడు. అత్తగారికి అక్షరం రాదు. అస్గరీ రాకతో ఇంట్లోకి కలం వచ్చింది. మామగారు వచ్చాక అంగడివాళ్లను పిలిపించి, పద్దులు ఎదురెదురుగా చదివించేసరికి ముసలిదాని రాజ్యం ఒక్క పూటలో కూలిపోయింది. ఉద్వేగం లేకుండా, అరుపులు లేకుండా, కేవలం అంకెలతో ఒక అధికారం పోయి మరొక అధికారం రావడాన్ని ఇంత నిక్కచ్చిగా చూపిన ఘట్టం ఆ కాలపు గద్యంలో అరుదు. నజీర్ అహ్మద్‌కు పాత్రలు గీయడం రాదన్నవారు ఈ భాగం మళ్లీ చదవాలి.

అయితే ఇదే ఘట్టంలో రచయిత తన చేయి బయటపెట్టుకున్నాడు. నవలలో జీతానికి పనిచేసేది, వీధి దాటి బజారుకు వెళ్లేది మామా అజ్మత్. ఆమె దొంగ. ఇల్లిల్లూ తిరిగి సరుకు అమ్మేది ఆ హజ్జమ్మ. ఆమె మోసగత్తె. కథను నడిపే స్త్రీలలో గోడ దాటి సంపాదించేవారు ఈ ఇద్దరే. అస్గరీ కూడా పని చేస్తుంది, ఇద్దరికన్నా ఎక్కువే చేస్తుంది. ఉపాధ్యాయిని, గుమాస్తా, వకీలు, పెళ్లిళ్ల పెద్ద, అన్నీ ఆమే. కాని గొప్పింటి పిల్ల హుస్న్‌ఆరాకు చదువు చెప్పినందుకు జీతం పుచ్చుకోదు. పుచ్చుకుంటే షరాఫత్ పోతుంది. అదే చదువుతో ఆమె భర్త కచేరీలో కలం పట్టుకుంటే దానికి నెలజీతముంది, పదోన్నతి ఉంది, సియాల్‌కోట్ బదిలీ ఉంది. ఒకే నేర్పు పురుషుని చేతిలో ఉద్యోగమైంది, స్త్రీ చేతిలో మర్యాద అయింది. ఈ విభజనను రచయిత వాదించి నిలబెట్టడు. వాదించవలసిన అవసరమే లేనట్లు కథలో పెట్టి పోతాడు. సంస్థలు మనుషుల మీద పనిచేసే తీరు కూడా ఇదే.

ఇక ఆ సంస్థల సంగతి. 1868లో వాయవ్య పరగణాల ప్రభుత్వం దేశభాషలలో ఉపయోగకరమైన పుస్తకాలు రాసినవారికి బహుమతులిస్తామని ప్రకటించింది. నజీర్ అహ్మద్ అప్పటికే ప్రభుత్వోద్యోగి. ఢిల్లీ కళాశాలలో చదివి, పాఠశాలల తనిఖీ శాఖలో పనిచేసి, భారత శిక్షాస్మృతిని ఉర్దూలోకి తెచ్చిన అనువాదకులలో ఒకడై, డిప్టీ కలెక్టరుగా ఎదిగినవాడు. తన కుమార్తెలకు చదివించడానికి తగిన పుస్తకం దొరకక కొంచెం కొంచెంగా రాసి ఇచ్చానని ఆయనే చెప్పుకున్నాడు. అది అబద్ధమనడానికి మాకు కారణం కనిపించదు. ఆ పిల్లల మీది ప్రేమ పుస్తకంలో తెలుస్తూనే ఉంటుంది. కాని ఇంటి కోసం రాసినది విద్యాశాఖ డైరెక్టరు కంటబడింది. వెయ్యి రూపాయల బహుమతి వచ్చింది, రెండువేల ప్రతులు ప్రభుత్వమే కొన్నది. ఒక తండ్రి తన కూతుళ్లకు చెప్పిన మాట అక్కడినుంచి పాఠ్యపుస్తకమైంది.

ఆ బహుమతుల పథకం పెట్టిన లెఫ్టినెంట్ గవర్నరు సర్ విలియం మ్యూర్. పాఠకులకు ఈ పేరు కొత్త కాదు. 1858-61 మధ్య నాలుగు సంపుటాలలో దైవప్రవక్త (స) జీవితాన్ని ద్వేషబుద్ధితో రాసినవాడు ఆయనే. దానికి సమాధానంగానే సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇంగ్లండు వెళ్లి ‘ఖుత్బాతె అహ్మదియా’ సిద్ధం చేయవలసి వచ్చింది. మన ప్రవక్త జీవితాన్ని వక్రీకరించిన చేతి సంతకంతోనే మన ఆదర్శ కోడలికి యోగ్యతాపత్రం లభించిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. అంత మాత్రాన పుస్తకం చెడ్డదైపోదు. కాని దానిని ‘పూర్వీకుల ఇస్లామీయ కుటుంబ పద్ధతి’ అని ముద్ర వేసేవారు ఆ ముద్ర ఏ కార్యాలయంలో పడిందో ఒకసారి చూసుకోవాలి.

ప్రభుత్వానికి ఇటువంటి కోడలు ఎందుకు కావలసి వచ్చింది? కుట్ర అనుకోనక్కరలేదు. 1857 తర్వాత ఢిల్లీ షరీఫ్ కుటుంబాలకు దర్బారు లేదు, జాగీరు లేదు. మిగిలింది కొలువు. కొలువు అంటే నెలజీతం, బదిలీ, ఊరు విడిచి ఉండడం. మామగారు లాహోరులో, కొడుకు సియాల్‌కోట్‌లో, ఇల్లు ఢిల్లీలో. ఇంటి పెద్ద ఇంట్లో లేని ఈ కొత్త ఏర్పాటు నడవాలంటే ఉత్తరం రాయగలిగినది, వచ్చిన జీతంలో నెల గడపగలిగినది, ఆశ్రితులను అదుపులో పెట్టగలిగినది ఇంట్లో ఒకరుండాలి. పాత హవేలీలో ఈ పనికి మున్షీ ఉండేవాడు. జీతగాడి ఇంట్లో మున్షీని పెట్టుకునే స్తోమత లేదు. ఆ ఖాళీలోకి వచ్చినదే అస్గరీ. చదువుకున్న కోడలు బదిలీ ఉద్యోగం కన్న బిడ్డ. ఈ మాట కొంత కటువుగా వినిపిస్తుందని తెలుసు. కాని నవలలో అస్గరీ చదువు ఉపయోగపడిన ప్రతి సందర్భాన్నీ లెక్కవేసి చూడండి. ఇంటి ఖర్చు, అప్పు, ఉత్తరం, ఉద్యోగం, సంబంధం. తన ఆనందం కోసం ఆమె ఒక పుస్తకం తెరిచి కూర్చున్న పుట మాకు గుర్తు లేదు.

ఇదేదో ముస్లింలకే ప్రత్యేకమైనదని భావించకూడదు. నజీర్ అహ్మద్ 1877లో మొదటి సాలార్‌జంగ్ పిలుపుమీద హైదరాబాదు వచ్చి 1884 వరకు నిజాం ప్రభుత్వ కొలువులో ఉన్నాడు. సరిగ్గా ఆ రోజులలోనే, 1883లో, కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరం నుంచి స్త్రీల కోసం ‘సతీహిత బోధిని’ పత్రిక ప్రారంభించారు. ఒకరికొకరు తెలియని ఇద్దరు, వేర్వేరు మతాలవారు, వేర్వేరు భాషలవారు, ఇంచుమించు ఒకే కాలంలో స్త్రీకి చదువు అవసరమన్నారు, ఆ చదువు ఇంటికి హితంగా ఉండాలన్నారు. ఇద్దరి చుట్టూ ఉన్నవి అవే కచేరీలు, అవే పాఠశాలలు, అవే అచ్చుయంత్రాలు. పరిస్థితి ఒకటైనప్పుడు ఆదర్శం కూడా ఒకటవుతుంది. దానికి ఒకచోట సతి అని, ఒకచోట షరీఫ్‌జాదీ అని పేరు పెట్టుకున్నారు.

మౌలానా అష్రఫ్ అలీ థానవీ (1863-1943) ‘బిహిష్తీ జేవర్’ తో పోల్చి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. పెళ్లికూతురికి ఖుర్ఆన్‌తో పాటు ఇచ్చే పుస్తకంగా ఇది ‘మిరాతుల్ ఉరూస్’ కన్నా ఎక్కువ ఇళ్లకు చేరింది. పుస్తకం చివర మౌలానాగారు చదవదగిన గ్రంథాల పట్టిక ఒకటి, చదవరాని వాటి పట్టిక ఒకటి ఇచ్చారు. రెండవ దానిలో నజీర్ అహ్మద్ నవలలున్నాయి. అక్కడక్కడ మంచి మాటలున్నా మరికొన్ని చోట్ల విశ్వాసాన్ని సడలిస్తాయని ఆయన అభ్యంతరం. అస్గరీని ఇస్లామీయ ఆదర్శమని ఊరేగించేవారికి ఈ సంగతి తెలిసినట్లు లేదు. ఉలమాల వద్ద ఆ యోగ్యతాపత్రం ఆమెకు దొరకలేదు.

బిహిష్తీ జేవర్‌లో వంటకాలున్నాయి, ఉత్తరాల నమూనాలున్నాయి, తపాలా నియమాలు కూడా ఉన్నాయి. అంటే ఆ కాలపు ఇంటి అవసరాలను మౌలానా కూడా కాదనలేదు. కాని పుస్తకంలో అధిక భాగం వుజూ, నమాజు, జకాతు, క్రయవిక్రయాల మసాయిల్. అవి పురుషుడు మదర్సాలో చదివేవే. స్త్రీకి వేరే మతం, వేరే బుద్ధి ఉన్నాయన్న ధోరణి అందులో లేదు. స్త్రీలలో లోపం కనిపిస్తే అది అజ్ఞానం వల్ల, దురాచారాల వల్ల వచ్చినదని ఆయన భావన. ఈ పుస్తకంలో కొంత భాగాన్ని 1990లో ఆంగ్లంలోకి తెచ్చిన బార్బరా మెట్కాఫ్ ఈ అంశాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపారు. డిప్టీగారి పుస్తకం స్త్రీకి కొత్త చదువునిచ్చి దానిని అత్తవారింటికి అంకితం చేసింది. మౌలానాగారి పుస్తకం పాత చదువునే ఇచ్చి దానికి జవాబు అల్లాహ్‌కు చెప్పుకోమన్నది. బయటికి వెళ్లే విషయంలో మౌలానా ఎంత కఠినులో అందరికీ తెలుసు, అక్కడ ఆయనతో మేము ఏకీభవించము. కాని స్త్రీని ఎవరి ముందు నిలబెట్టారన్న ప్రశ్నకు ఆయన సమాధానమే మెరుగు.

అదే కాలంలో మూడవ సమాధానం ఒకటి బెంగాలు నుంచి వచ్చింది. రుఖయ్యా సఖావత్ హుసేన్ ఆంగ్లంలో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ 1905లో మద్రాసు నుంచి కమలా సత్యనాథన్ నడిపిన స్త్రీల పత్రికలో అచ్చయింది. ఆ కల్పిత దేశంలో పురుషులు లోపలి గదులలో ఉంటారు, స్త్రీలు రాజ్యం నడుపుతారు. గోడ అలాగే ఉన్నది, గోడకు ఏ పక్కన ఎవరన్నది మాత్రమే మారింది. దాంతో లోపలివాడు బలహీనుడుగా, బయటిది సమర్థురాలుగా కనిపించసాగారు. నవ్విస్తూ చెప్పినా నజీర్ అహ్మద్ సగంలో ఆపిన వాదాన్ని ఆమె చివరిదాకా తీసుకెళ్లింది. పెంపకమే మనిషిని తయారుచేస్తే పెంపకాన్ని మార్చి చూడమన్నది.

కథలో మార్చినంత సులువుగా బడిలో మార్చడం సాధ్యం కాలేదు. భర్త మరణానంతరం ఆమె 1909లో భాగల్‌పూర్‌లో, తర్వాత 1911లో కలకత్తాలో ఎనిమిదిమంది పిల్లలతో సఖావత్ స్మారక పాఠశాల నడిపింది. 1931లో వచ్చిన ‘అవరోధ్‌బాసిని’లో తన బడి బండి సంగతి రాసింది. కిటికీలన్నీ మూసిన బండిలో గాలి ఆడక పిల్లలకు వాంతులు, మూర్ఛలు. తెరలు కట్టిస్తే, తెరలు గాలికి ఎగిరి పరదా పోతున్నదని బెదిరింపు ఉత్తరాలు. బడి నడవాలంటే పిల్లలు రావాలి, పిల్లలు రావాలంటే తల్లిదండ్రులు ఒప్పుకోవాలి, వారు ఒప్పుకోవాలంటే బండి చీకటిగా ఉండాలి. పాత్రలను మార్చదలచిన సంస్థకు కూడా లోకం మొదట తన షరతులు పెడుతుంది. హైదరాబాదులో ‘అన్నిసా’ పత్రిక నడిపిన సుగ్రా హుమాయూన్ మీర్జా 1934లో సఫ్దరియా బాలికల పాఠశాల స్థాపించేనాటికి బాలికల బడి కొంత అలవాటైన సంగతి. బండి గురించిన ఆ ఉత్తరాలు చదవని తరానికి ఆ దారి ఎంత ఇరుకో తెలియదు.

ఇప్పుడు అసలు కొలబద్ద వద్దకు వద్దాము. మన మదర్సాలలో ఈనాటికీ బోధించే ‘హిదాయా’లో నఫఖా ప్రకరణం తీసుకోండి. భార్య పోషణ భర్త బాధ్యత. స్థోమత గలవాడైతే ఆమె పనిమనిషి పోషణ కూడా అతనిదే. బిడ్డకు పాలివ్వమని తల్లిని న్యాయమూర్తి నిర్బంధించరాదు, దాదిని కుదర్చవలసినవాడు తండ్రి. వేరే పాలు దొరకనప్పుడు, బిడ్డ మరొకరి పాలు పట్టనప్పుడు మాత్రమే మినహాయింపు. ఔరంగజేబు కాలంలో సంకలితమైన ‘ఫతావా ఆలంగీరీ’ చూడండి. వంట చేయనన్న భార్యను ఖాజీ బలవంతపెట్టలేడు. నైతికంగా, అంటే ఫుఖహాల పరిభాషలో ‘దియానతన్’, తన అంతస్తులోని స్త్రీలు చేసుకునే పని చేయడం ఆమెకు తగినదంటారు. న్యాయస్థానం దృష్టిలో మాత్రం అది హక్కుగా అడిగి రాబట్టుకునేది కాదు. ఆమె ఆస్తి ఆమెదే. దానిలో మామగారి అప్పులకు, మరిది ఉద్యోగానికి, ఆడబిడ్డ పెళ్లికి వాటా లేదు. అత్తమామల సేవ కోడలికి విధి అనే అధ్యాయం మేము చదువుకున్న ఫిఖ్హ్ గ్రంథాలలో ఎదురుకాలేదు. అస్గరీ చేసినవన్నీ మంచి పనులే. ఆమె చేస్తే పుణ్యం. చేయకపోతే షరీఅత్ ఆమెను పట్టుకుని అడిగేది చాలా తక్కువ.

ఇందులో మరొక ముఖ్యమైన మాట ఉంది. ‘ఆమె అంతస్తులోని స్త్రీలు’ అన్నారంటే, స్త్రీ పని ఏమిటన్నది కాలాన్నీ ఊరినీ బట్టి మారుతుందని ఫుఖహాలకు తెలుసునన్నమాట. దానికి వారు పెట్టిన పేరు ‘ఉర్ఫ్’, లోకాచారం. 1836లో మరణించిన డమాస్కస్ పండితుడు ఇబ్నె ఆబిదీన్ ఉర్ఫ్ గురించి ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశాడు. ఆచారం మారితే దానిమీద ఆధారపడిన తీర్పు మారుతుందని వివరించాడు. సమాజం మనుషుల పాత్రలను మలుస్తుందన్న సంగతి పడమటి దేశాలనుంచి నిన్నమొన్న దిగుమతి అయినదేమీ కాదు. మన గ్రంథాలలో దానికి ప్రత్యేకమైన అర ఉన్నది. వచ్చిన చిక్కల్లా ఆ అరలో ఉండవలసిన అస్గరీని తీసి ఖుర్ఆన్, హదీసుల పక్కన పెట్టడం వల్లనే.

హదీసులవైపు చూస్తే ఇంకొక రకం ఇల్లు కనిపిస్తుంది. దైవప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే ఇంటివారి పనిలో ఉండేవారని, నమాజు వేళకు బయలుదేరేవారని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన సంగతి బుఖారీలో ఉంది. షిఫా బిన్తె అబ్దుల్లా (రజి) హజ్రత్ హఫ్సా (రజి)కు రాత నేర్పిన సంగతి అబూ దావూద్‌లో ఉంది. స్త్రీలకు రాత నేర్పరాదని పంతొమ్మిదవ శతాబ్దంలో వాదించినవారు బలహీనమైన ఉల్లేఖనాలు పట్టుకుని ఈ ఉల్లేఖనాన్ని ఎలా దాటిపోయారో అంతుబట్టదు. ఆ విషయంలో నజీర్ అహ్మద్ చేసిన మేలు మరువరానిది.

అనువాదకునిగా నాకు రోజూ ఎదురయ్యే చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అస్గరీ తెలుగులోకి వచ్చేటప్పుడు ఒంటరిగా రాదు. తెలుగులో అప్పటికే కాపురమున్న ‘పతివ్రత’, ‘సాధ్వి’, ‘ఆదర్శ గృహిణి’ ఆమెకు ఎదురువచ్చి చేయి పట్టుకుంటారు. స్త్రీల హక్కుల గురించిన ఒక ఉర్దూ పుస్తకం అనువదించి ఇస్తే, అట్టమీద ‘ఇంటికి దీపం ఇల్లాలు’ అని వేద్దామన్నారు ఒక ప్రచురణకర్త. సామెత చక్కనిదే. కాని లోపల ఉన్నది మహర్ గురించి, వారసత్వం గురించి. దీపానికి వారసత్వంలో వాటా ఎక్కడిది?

ఖుర్ఆన్ విషయంలో ఈ చిక్కు మరింత బరువైనది. నిసా సూరా 34వ ఆయతులో పురుషులను గురించి ‘ఖవ్వామూన్’ అన్న మాట ఉన్నది. ఉర్దూలో దీనిని ‘హాకిమ్’ అన్న అనువాదాలు ప్రసిద్ధం. తెలుగులోకి వచ్చేసరికి అధికారులు, పాలకులు అయ్యారు. ఇదే మాట అదే సూరా 135వ ఆయతులో విశ్వాసులందరినీ, స్త్రీ పురుషులందరినీ ఉద్దేశించి వచ్చింది. అక్కడ న్యాయం కోసం గట్టిగా నిలబడేవారని అర్థం చెబుతారు. మాయిదా సూరా 8వ ఆయతులోనూ అంతే. ‘నిలబడడం’ అనే ధాతువు మూడు చోట్లా ఒక్కటే. రెండు చోట్ల బాధ్యతగా నిలబడినది మూడవ చోట సింహాసనమెక్కి కూర్చున్నది. భర్త ఖర్చు భరిస్తాడన్న కారణం ఆ ఆయతులోనే ఉన్నది గనుక ‘బాధ్యత వహించి నిలబడేవారు’ అంటే వచ్చే నష్టమేమిటో నాకు తెలియదు.

అదే ఆయతులో సజ్జన స్త్రీల గుణంగా ‘ఖానితాత్’ అని ఉన్నది. దీనికి ‘భర్తకు విధేయులు’ అని రాసే అలవాటు మనలో ఉన్నది. అహ్‌జాబ్ సూరా 35వ ఆయతులో ఈ గుణమే పురుషులకు, స్త్రీలకు జంటగా చెప్పబడింది. ఉమ్మె సలమా (రజి) స్త్రీల ప్రస్తావన ఎందుకు లేదని అడిగిన సందర్భంలో ఆ ఆయతు అవతరించిందని ఉల్లేఖనం. ఆలె ఇమ్రాన్ సూరా 43లో పెళ్లి లేని మర్యమ్ (అలై)కు తన ప్రభువు పట్ల ఈ గుణం కలిగి ఉండమన్న ఆదేశముంది. నహ్ల్ సూరా 120లో హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై)నే ‘ఖానిత్’ అన్నారు. ఆయనను ఎవరికి విధేయుడని రాస్తాము? అల్లాహ్‌కు అని. స్త్రీల వద్దకు వచ్చేసరికి మాత్రం మన కలం తనంతట తానే అల్లాహ్ పేరు తీసి భర్త పేరు రాస్తున్నది. ముఫస్సిర్లలో కొందరు భర్తకు విధేయతను కూడా ఇక్కడ చేర్చిన మాట నిజమే. ఆ అభిప్రాయానికి వ్యాఖ్యానంలో చోటున్నది, అక్కడ రాయవచ్చు. మూలపదానికి అదొక్కటే అర్థమన్నట్లు వాక్యంలో దూర్చడం వేరు.

‘మిరాతుల్ ఉరూస్’ను తెలుగు చేయాలనుకునేవారికి ఒక విన్నపం. ‘తమీజ్‌దార్ బహూ’ను ‘సుగుణవతి’ అనకండి, ‘ఉత్తమ ఇల్లాలు’ అసలే అనవద్దు. తమీజ్ అంటే దేనిని ఎక్కడ ఎలా చేయాలో తెలియడం. అది బిరుదు. అత్తవారింటి మెప్పుతో వచ్చినది. దానిని దాని వాసనతోనే ఉంచి కింద రెండు ముక్కల వివరణ ఇస్తే చాలు. అస్గరీ బడి నడిపిన అధ్యాయాలను కుదించకుండా ఇవ్వండి, నవలలో తాజాదనం తగ్గనివి అవే. ఆ బడికి ఇరుగుపొరుగు ఆడపిల్లలు వస్తారు, గొప్పింటి హుస్న్‌ఆరా వస్తుంది, మహమూదా వస్తుంది. పెంపకం లోపంవల్లనే చెడిపోయిందని రచయితే చెప్పిన అక్క అక్బరీని పిలిచి ఒక పలక చేతికిద్దామని మాత్రం చెల్లెలికీ తోచదు, రచయితకూ తోచదు.